మోకాటి నెలవంక: కుట్టు పిమ్మట అతిధ్వని పరీక్ష

మానవశరీరమునందలి కీళ్ళలో మోకాలు మిక్కిలి పెద్దది. నిలుచుట, నడచుట, మెట్లెక్కుట, నేలపై కూర్చుండి లేచుట మొదలగు నిత్యకృత్యములన్నియు దానిపై ఆధారపడి యున్నవి. ఆ కీలులోపల తొడయెముకకును, దాని క్రింది యెముకకును నడుమ రెండు చిన్న మెత్తలు కలవు. వైద్యులు వానిని మెనిస్కస్ అని వ్యవహరింతురు. గ్రీకు భాషలో ఆ పదమునకు చిన్నచంద్రుడు, అనగా నెలవంక, అని యర్థము. ఆకారమును బట్టి వచ్చిన పేరు గనుక మనమును వానిని నెలవంకలనియే పిలుచుట యుచితము. చెడుగుడాటలో కాలు మెలిపడుట వలనను, బరువు మోయుచు హఠాత్తుగా తిరుగుట వలనను, వయసు మీరినవారికి కూర్చుండి లేచునప్పుడును ఇవి చిరుగుచుండును. చిరిగిన భాగమును కోసివేయుటకు మారుగా కుట్టి నిలుపు శస్త్రచికిత్స యిప్పుడు విరివిగా జరుగుచున్నది.

కుట్టుపడిన పిమ్మట రోగికి కలుగు సందేహ మొక్కటియే: అతికినదా, లేదా? ఆ ప్రశ్నకు సమాధానము వెదకు సాధనములలో అతిధ్వని పరీక్ష, అనగా అల్ట్రాసౌండ్ స్కానింగు, ఒకటి. అది ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అను విషయమును సాధ్యమైనంత సుబోధముగా వివరించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

వ్యాసకర్త వైద్యుడు కాడు; తెలుగు బోధించు ఉపాధ్యాయుడు. ఐనను ఈ విషయమును చేపట్టుటకు కారణము కలదు. హొసూరులో వైద్యుడు తమిళమునను, బళ్ళారిలో కన్నడమునను, బరంపురములో ఒడియాలోను, షోలాపురములో మరాఠీలోను మాటలాడును. చేతికిచ్చు కాగితము ఇంగ్లీషున నుండును. ఇంటికి వచ్చి ఆలుమగలు దానిని గూర్చి ఆలోచించుకొను భాష తెలుగు. ఈ మూడు భాషల నడుమ అర్థము జారిపోవుచున్నది. పిల్లల తలిదండ్రులు ఇట్టి కాగితములను బడికి తెచ్చి, “అయ్యవారూ, ఇందులో ఏమున్నది?” అని యడుగుట మాబోటి వారికి పరిపాటి. ఆ ప్రశ్నకు మాటలర్థము చెప్పిన చాలదు, విషయము తెలియవలెను.

నెలవంకల నేత

ప్రతి మోకాటను రెండు నెలవంకలుండును. ఒకటి లోపలివైపున, రెండవది వెలుపలివైపున అమరియున్నవి. తొడయెముక కొస గుండ్రనిది. క్రింది యెముక తల ఇంచుమించు చదునైనది. గుండ్రని వస్తువు చదునైనదానిపై నిలిచినచో తాకు చోటు స్వల్పమై భారమంతయు అచ్చటనే పడును. నెలవంకలు వెలుపలి యంచున మందముగను, లోపలికి పోనుపోను పలుచగను ఉండి, ఆ సందును పూరించి, భారమును విశాలముగా పంచును. కాలు చాచియున్నప్పుడు కీలు లోపలివైపున పడు భారములో సుమారు సగమును, వెలుపలివైపున పడుదానిలో నూటికి 70 పాళ్ళను ఇవియే వహించునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

ఈ మెత్తల బరువులో నూటికి 70 పాళ్ళు నీరే. మిగిలినదానిలో అధికభాగము కొల్లాజెన్ అను నారపదార్థము. ఆ నారల అమరికను గ్రహించుటకు షోలాపురమునందలి మన నేతగాండ్ర మగ్గమును తలచుకొన్న చాలును. నెలవంక వంపు వెంబడి ఒక కొమ్మునుండి రెండవ కొమ్మువరకు సాగిన బలమైన నారలు పడుగువంటివి. వానిని విడిపోనీయక అడ్డముగా పట్టియుంచు సన్నని నారలు పేకవంటివి. మీదినుండి బరువు పడినప్పుడు నెలవంక వెలికి జారజూచును. అప్పుడు పడుగునారలు బిగిసి, బండిచక్రము చుట్టునున్న ఇనుపకమ్మివలె, దానిని జారనీయక నిలుపును.

చిరుగు పడుగు వెంబడి సాగినచో ఆ దారములు తెగవు. ఒకదానినుండి యొకటి విడిపోవును. చిరుగు అడ్డముగా పడినచో పడుగే తెగును. కమ్మి తెగిన చక్రమువలె ఆ భాగము భారమును మోయజాలదు. కొమ్ము మొదలంట ఎముకనుండి ఊడినను ఫలమిట్టిదే. కావుననే ఇరువురకు ఒకే పేరుగల శస్త్రచికిత్స జరిగినను, ఒకరిని వైద్యుడు త్వరలోనే అడుగు మోపనిచ్చును. మరియొకరిని సుమారు ఆరు వారములు ఆ కాలిపై బరువు వేయవలదనును. పొరుగింటివాని గడువును తన గడువుగా భావించుట ఇందువలననే ప్రమాదకరము.

ఇంకొక విశేషము కలదు. 1982లో ఆర్నోచ్కీ, వారెన్ అను అమెరికా పరిశోధకులు నెలవంక యొక్క వెలుపలి యంచున, వెడల్పులో నూటికి 10 మొదలు 30 పాళ్ళ మేరకే రక్తనాళములు వ్యాపించియున్నవని చూపిరి. ఆ యంచును ఎర్రమండలమనియు, రక్తము చేరని లోపలి భాగమును తెల్లమండలమనియు వైద్యులు వ్యవహరింతురు. ఎర్రమండలమున కుట్టు అతుకుట సులభము, తెల్లమండలమున కష్టము.

కోయుటనుండి కుట్టుటకు

1883లో ఎడింబరో నగరమున థామస్ అనండేల్ అను శస్త్రవైద్యుడు విడిపోయిన నెలవంకను కుట్టి, 1885లో ఆ వృత్తాంతమును ప్రకటించెను. కాని చాలకాలము ఆ మార్గమును అనుసరించినవారు తక్కువ. ఈ మెత్తలు నిరుపయోగములను భావము ప్రబలియుండుటచే, చిరిగినదానిని సమూలముగా తీసివేయుటయే ఆచారమయ్యెను. 1948లో ఇంగ్లండునందలి ఫెయిర్‌బ్యాంక్ అను వైద్యుడు, నెలవంక తీసివేసిన మోకాళ్ళ ఎక్స్-రే చిత్రములలో కీలుసందు ఇరుకగుట, ఎముకయంచు పెరుగుట, తొడయెముక కొస చదునగుట అను మార్పులను వర్ణించెను. మెత్త పోయిన కీలు కాలక్రమమున అరిగిపోవునను సంగతి దానితో బలపడెను.

తరువాతి మెట్టు జపాను దేశమున పడినది. తోక్యోలో మసాకి వతనాబె 1962లో కీలును తెరువక, సన్నని దర్శినిని లోనికి పంపి నెలవంకలో చిరిగినంత భాగమునే తీసివేసెను. 1969లో అచ్చటనే హిరోషి ఇకెయుచి దర్శిని సాయముననే కుట్టు వేసెను. నిలుపదగిన నెలవంకను నిలుపవలెననుట నేడు శస్త్రవైద్యులకు సూత్రప్రాయమైనది.

ఐతే ఇందుకు రోగి చెల్లించు మూల్యము కాలము. తీసివేసినచో కొలది వారములలో పనికి పోవచ్చును. కుట్టినచో నెలలకొలది ఓపిక పట్టవలెను. అంత ఓపిక పట్టినను అన్ని కుట్లు నిలువవు. ఐదేండ్లకు మించిన పరిశీలనలలో ఇంచుమించు నూటికి 20 మొదలు 25 వరకు విఫలమైనట్లు తేలినది. కూలి నాలి చేసుకొనువానికి ఈ లెక్క చిన్నది కాదు. అతికినదని తలచి తొందరపడినచో కుట్టు పోవును. అతికియుండగా భయపడి కదలక కూర్చున్నచో కండ పోవును.

ధ్వనితో చూచుట

బావిలోనికి కేక వేసినచో ప్రతిధ్వని వచ్చును. నీరు లోతున నున్నచో ఆలస్యముగను, పైననున్నచో త్వరగను వినబడును. అతిధ్వని పరీక్షకు మూలసూత్ర మింతియే. సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని మన చెవి వినజాలదు; దానినే అతిధ్వని యందురు. 1880లో ఫ్రాన్సుదేశపు సోదరులు జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనువారు కొన్ని స్ఫటికములను నొక్కినప్పుడు విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అవి కంపించుననియు పిమ్మట తేలెను. వైద్యుడు చర్మముపై ఆనించు పరికరమున ఇట్టి గుణముగల పదార్థమే యుండి, ధ్వనిని పంపుటయు, తిరిగివచ్చు ప్రతిధ్వనిని గ్రహించుటయు తానే చేయును.

మోకాటి పరీక్షకు సెకనుకు సుమారు 70 లక్షలు మొదలు కోటిన్నర వరకు కంపనములుగల ధ్వనిని వాడుదురు. అది మెత్తని కండలలో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగముతో పోవును. కోటి కంపనముల ధ్వని యొక్క తరంగ మొక్కింటి పొడవు మిల్లీమీటరులో ఆరవవంతునకు మించదు. కావున చర్మమునకు చేరువగానున్న సన్నని పొరలుకూడ స్పష్టముగా గోచరించును. ప్రతిధ్వని బలముగానున్న చోటు తెరపై తెల్లగను, లేనిచోటు నల్లగను కనబడును. నీరు నల్లగా నుండును. ఆరోగ్యముగానున్న నెలవంక తెల్లని త్రికోణమువలె నుండును. పరికరమునకును చర్మమునకును నడుమ గాలియున్నచో ధ్వని లోనికి పోక వెనుదిరుగును. అందులకే చల్లని జెల్లు పూయుదురు. ఇందు ఎక్స్-రే కిరణముల ప్రసక్తి లేదు.

అతిధ్వని చూపునవి

మొదటిది నీరు. మోకాటిచిప్పకు పైన, తొడకండ క్రింద ఒక సంచి కలదు. కీలులో నీరు చేరినచో ఆ సంచి ఉబ్బును. చేతితో నొక్కి చూచినప్పుడు తెలియని కొలది నీరుకూడ అతిధ్వనికి తెలియును. శస్త్రచికిత్స జరిగిన మొదటి వారములలో కొంత నీరుండుట సహజము. అది క్రమముగా తగ్గుచున్నదా యనునది ముఖ్యము. తగ్గిన నీరు పని పెంచినకొలది మరల చేరుచున్నచో, కీలు ఆ పనిని భరింపలేకున్నదని తెలియవలెను.

రెండవది తొడకండ. నీటికిని కండకును దగ్గర సంబంధము కలదు. 1984లో ప్రకటితమైన యొక ప్రయోగమున, ఆరోగ్యవంతుల మోకాటిలోనికి 20 మొదలు 30 మిల్లీలీటర్ల ద్రవము నెక్కించినంతనే తొడలోపలివైపు కండ యొక్క చేష్ట మందగించినట్లు కనుగొనిరి. నొప్పి లేకున్నను కీలులోని నీరే కండను నిద్రపుచ్చును. అతిధ్వనితో రెండు తొడలయందును ఒకేచోట కండ మందమును కొలిచి పోల్చవచ్చును. నెల గడచిన పిమ్మట మరల కొలిచినచో వ్యాయామము ఫలించినదో లేదో తెలియును. కండ తిరిగి రానిదే, కుట్టు ఎంత చక్కగా అతికినను, కాలు నమ్మదగినది కాదు.

మూడవది నెలవంక వెలుపలి యంచు. క్రింది యెముక అంచును దాటి నెలవంక ఎంత వెలికి వచ్చినదో కొలువవచ్చును. సాధారణముగా 3 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని వచ్చినచో పడుగునారల పట్టు సడలినదని అనుమానింతురు. ఇచ్చట అతిధ్వనికి ఒక విశేషమైన సౌలభ్యము కలదు. ఎం.ఆర్.ఐ. పరీక్షను సామాన్యముగా రోగిని పరుండబెట్టి చేయుదురు. అతిధ్వని పరీక్షను నిలుచుండబెట్టి, బరువు మోపించి, కాలు ముడిపించి, చాపించికూడ చేయవచ్చును. పరుండినప్పుడు ఒదిగియున్న నెలవంక నిలుచున్నప్పుడు వెలికి వచ్చుట కన్నులారా చూడవచ్చును.

నాల్గవది రక్తప్రవాహము. డాప్లర్ పద్ధతిచే కదలు రక్తము తెరపై రంగులతో కనబడును. కుట్టు చుట్టును తొలిదినములలో రక్తప్రవాహము హెచ్చుట మానుచున్నదానికి గుర్తు కావచ్చును. కాని కీలు వేడిగా వాచి, జ్వరము కూడ వచ్చి, లోపలి పొర దళసరియై రంగులతో నిండినచో, చీము పట్టెనేమోయను శంక కలుగును. కీలులోనిది చీమో, నెత్తురో, నీరో చిత్రము నిశ్చయింపజాలదు. సూదితో తీసి పరీక్షింపవలెను. ఆ సూదికి దారి చూపుటకు మాత్రము అతిధ్వని మిక్కిలి యుపకరించును.

ఐదవది పిక్కలోని సిర. శస్త్రచికిత్స పిమ్మట కాలు కదలకుండుటచే సిరలో నెత్తురు గడ్డకట్టుట కలదు. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. పరికరముతో నొక్కినప్పుడు ఆరోగ్యమైన సిర అణగిపోవును, గడ్డయున్నది అణగదు. మోకాటి వెనుక బేకర్ తిత్తి యను నీటిసంచి పగిలినను పిక్క వాచి ఇట్లే నొప్పి పుట్టును. ఈ రెంటిని వేరుపరచుటకు 1972లో మెక్డొనాల్డ్, లియోపోల్డ్ అనువారు అతిధ్వనిని వాడిరి. కీళ్ళ చికిత్సలో అతిధ్వని వాడుకకు తొలిమెట్లలో అది యొకటి. పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పుట్టినచో మరునాటివరకు ఆగక వైద్యుని చూడవలెను. ఊపిరాడకున్నను, గుండెలో నొప్పి తోచినను ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను.

చూపలేనివి

ధ్వని ఎముకను దాటి పోజాలదు. నెలవంకలో అధికభాగము రెండెముకల నడుమ దాగియుండును. కావున వెలుపలి యంచు బాగుగ కనబడును గాని, లోపలి పలుచని అంచును, కొమ్ముల మొదళ్ళును సరిగా కనబడవు. పరికరము వంపు కొంచెము మారినను తెల్లగానుండవలసిన భాగము నల్లగా తోచి చిరుగను భ్రమ కలిగించును. పరీక్షించువాని అనుభవముపై ఫలితము చాలవరకు ఆధారపడును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యిది. అతికిన కుట్టులోనుకూడ గీత కనబడవచ్చును. గాయము మానిన చర్మముపై మచ్చ మిగులునట్లే నెలవంకలోను మచ్చపొర మిగులును. ఎం.ఆర్.ఐ. చిత్రములలో సయితము, చక్కగా అతికిన నెలవంకయందు చిరుగువంటి గీత ఏడాదికి పైగా నిలిచియుండుట వైద్యులకు తెలిసినదే. గీత యున్నదన్నంతమాత్రమున కుట్టు పోయినదని వగచుటకు వీలులేదు. గీత లేదన్నంతమాత్రమున పరుగెత్తుటకును వీలులేదు.

నిశ్చయముగా చూడవలెనన్నచో దర్శినిని మరల కీలులోనికి పంపవలెను. అట్లు చూచినప్పుడు కుట్టుచోట మందములో నూటికి 90 పాళ్ళకు పైగా అతికినచో పూర్తిగా అతికినదనియు, 50 మొదలు 90 వరకు అతికినచో కొంత అతికినదనియు, అంతకు తగ్గినచో విఫలమైనదనియు అమెరికా శస్త్రవైద్యుడు హెన్నింగ్ ఏర్పరచిన కొలత కలదు. కాని సుఖముగా తిరుగుచున్నవారికి మరల శస్త్రచికిత్స చేసి చూచుట యుక్తము కాదు. అందుచేత వైద్యులు లక్షణములపై ఆధారపడుదురు: కీలు పట్టివేయకుండుట, కీలుసందున నొక్కిన నొప్పి లేకుండుట, నీరు చేరకుండుట, మెలిపెట్టి చూచు పరీక్షలో బాధ కలుగకుండుట. ఈ సాక్షులతో అతిధ్వనియు నొక సాక్షిగా నిలుచును. ఒంటి సాక్ష్యముపై తీర్పు చెప్పరాదు.

రెండు అల్ట్రాసౌండులు

మనవారిలో తరచుగా కనబడు నొక పొరపాటును ఇచ్చట చెప్పవలెను. “నేను పదిమార్లు అల్ట్రాసౌండు పెట్టించుకొంటిని, ఐనను కుట్టు సంగతి తేలలేదు” అనువారు కలరు. విచారించినచో అది వ్యాయామచికిత్సాలయమున నొప్పికి పెట్టిన అల్ట్రాసౌండని తేలును. దానిలో సామాన్యముగా 10 లక్షలు గాని 30 లక్షలు గాని కంపనములుగల ధ్వనిని కండలకు వేడిమి కలిగించుటకై వాడుదురు. అందు చిత్రము రాదు. పరీక్ష వేరు, చికిత్స వేరు, పేరొక్కటియే.

స్కానింగు కేంద్రమున గర్భస్థశిశువు లింగమును తెలుపబడదను ప్రకటన చూచి, మోకాటి నొప్పికి వచ్చిన పెద్దలు తాము దారి తప్పితిమేమోయని సందేహించుటయు కలదు. 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టము ననుసరించి ఇట్టి యంత్రములుగల కేంద్రములు నమోదు కావలెను, ఆ ప్రకటన నుంచవలెను. మోకాటి పరీక్షకును అదియే చోటు.

కాగితముతో అడుగవలసినవి

ఎఫ్యూజన్ అనగా కీలులో నీరు చేరుట. ఎక్స్‌ట్రూజన్ అనగా నెలవంక వెలికి జరుగుట. అట్రోఫీ అనగా కండ తగ్గుట. సైనోవైటిస్ అనగా కీలు లోపలిపొర వాచుట. హైపోఎకోయిక్ అనగా ప్రతిధ్వని తక్కువగానుండి తెరపై నల్లగా తోచుట. అది రోగము పేరు కాదు. ఈ ఐదు మాటలు తెలిసినచో కాగితములో చాలభాగము విప్పారును.

వైద్యుని ఈ ప్రశ్నలు వినయముగా అడుగవచ్చును: నా చిరుగు ఏ దిక్కున పడినది? ఎర్రమండలముననా, తెల్లమండలముననా? క్రిందటి పరీక్షకును నేటిదానికిని భేదమేమి? రెండవ మోకాటితో పోల్చితిరా? ఈ ఫలితమువలన నా నడకలో, వ్యాయామములో మార్చవలసినదేమి? కడపటి ప్రశ్న ముఖ్యమైనది. కుట్టు పిమ్మట అందరికిని అతిధ్వని పరీక్ష విధిగా చేయరు. శంక కలిగినప్పుడే చేయుదురు. చికిత్సలో ఏ మార్పును తేని పరీక్షకు సొమ్ము వెచ్చించుట అనవసరము.

మన జీవనవిధానమును కూడ వైద్యునికి దాచక చెప్పవలెను. మోకాలు ముడిచినకొలది నెలవంకలు వెనుకకు జరుగును; వెనుకభాగముపై ఒత్తిడి హెచ్చును. అందుచేతనే తొలి నాలుగారు వారములు 90 డిగ్రీలకు మించి ముడువవలదనియు, నాలుగారు నెలలు గొంతుకూర్చుండవలదనియు సాధారణముగా చెప్పుదురు. కుర్చీలపై కూర్చుండు వారికి ఇది చిన్న నియమము. కలుపు తీయువారికి, ముగ్గు వేయువారికి, నేలపై భుజించువారికి, గొంతుకూర్చుండు మరుగుదొడ్డిగల యింటివారికి ఇది జీవితమునే మార్చు నియమము. “నేను నేలమీద కూర్చుండి పని చేయుదును” అని ముందుగా చెప్పినచో వైద్యుడు తగిన యేర్పాటు సూచించును.

ఉపసంహారము

నొప్పి లేకపోవుట అతుకుటకు ప్రమాణము కాదు. తెరపై గీత కనబడుట చిరుగుటకు ప్రమాణము కాదు. అతిధ్వని మనకిచ్చునది నీటి లెక్క, కండ లెక్క, వెలికి జరిగిన అంచు లెక్క, సిరలోని గడ్డను గూర్చిన హెచ్చరిక. వీనిని నెలనెలకు పోల్చి, రెండవ కాలితో సరిచూచి, వైద్యుని చేతిపరీక్షతో కలిపి చదివినప్పుడే సత్యము తెలియును.

తరతరములుగా పరభాషాప్రాంతములలో నున్న మనము ఇంటితెలుగును పాటలలోను, పండుగలలోను నిలుపుకొంటిమి. ఆసుపత్రి గుమ్మమునకూడ అది మనకు తోడు రావలెను. మన సంఘములు ప్రతి యూరను ఇట్టి వైద్యపదముల చిన్నపట్టికలను స్థానికవైద్యులచే సరిచూపించి తెలుగున ముద్రించి పంచినచో, కాగితము పట్టుకొని బడికి వచ్చు తలిదండ్రులు తమకు తామే చదువుకొని, తమ నోటితో తామే వైద్యుని ప్రశ్నింపగలరు.